బావకి ఆ ఆల్బం ప్రాణం, నాకేమో ‘ఫర్వాలేదు’... ఇప్పుడేం చెయ్యాలి?

విజయనగరం నుంచి ఒక లెక్కల లెక్చరర్ గారు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 51, ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఉద్యోగం. ఆయనకొచ్చిన చిక్కు ఒక పాటల ఆల్బంతో. మొదటి పేజీ చదివి నేనూ నవ్వుకున్నాను. ఉత్తరం పూర్తయ్యేసరికి నవ్వు పోయింది.

సంగతి ఇది. 1988లో వాళ్ళ అప్పకి పెళ్ళయింది. బావగారిది రైల్వే ఉద్యోగం. కొత్తల్లుడిగా అత్తారింటికి వచ్చినప్పుడు ఆయన సూట్‌కేసులో బట్టల కంటే క్యాసెట్లే ఎక్కువ ఉండేవట. వాటిలో నాలుగైదు ఇంగ్లండు రాక్ బ్యాండు డీప్ పర్పుల్ వాళ్ళవి. అప్పటికి మన లెక్చరర్ గారికి పద్నాలుగేళ్ళు. నాన్నగారికి కర్ణాటక సంగీతం తప్ప మిగతాదంతా గోల. ఊళ్ళో కచేరీ ఉందంటే పిల్లాణ్ణి వెంటేసుకుని ముందు వరసలో కూర్చునేవారు. ఆ ఇంట్లో, మేడమీద గదిలో, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి, బావా బావమరిదీ హెవీ రాక్ వినేవారు. నాన్నగారు పోయేనాటికి ఈయన డిగ్రీలో ఉన్నారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫీజు, హాస్టల్ మెస్ బిల్లు అన్నీ బావగారే కట్టారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదట.

బావగారు 2023లో రిటైరయ్యారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి గుండెకి స్టెంట్ వేశారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఆయనకో రికార్డ్ ప్లేయరూ, దాంతోపాటు డీప్ పర్పుల్ 2024 జులైలో విడుదల చేసిన ఆల్బం ఎల్పీ తెచ్చిచ్చాడు. దాని పేరే వింత. అట్ట మీద సమానం గుర్తు, పక్కన ఒకటి, అంతే. ‘ఈక్వల్స్ వన్’ అని చదువుకోవాలి. ఆ ఆదివారమే బావమరిదికి కబురొచ్చింది. బావగారు రికార్డుని మెత్తటి బ్రష్షుతో తుడిచి, ముల్లు దించి, కుర్చీ ఎదురుగా లాక్కుని, పాట పాటకీ ఈయన మొహంకేసి చూస్తూ కూర్చున్నారట. అయిపోగానే “ఏటి?” అన్నారు. ఈయన “అదిరిపోయింది బావా” అన్నారు.

అదిరిపోలేదు. “బాగోలేదని కాదండీ,” అని రాశారు. “ఆపేయాలనిపించిన పాట ఒక్కటీ లేదు. మళ్ళీ వినాలనిపించిందీ లేదు. మంచి వాయిద్యం, మంచి రికార్డింగు, పనిమంతులు చేసిన పని. మర్నాడు కాలేజీకి వెళ్తూ ఒక్క ట్యూనైనా గుర్తు తెచ్చుకుందామని చూశాను. రాలేదు.”

అక్కడితో ఆగితే ఈ ఉత్తరమే వచ్చేది కాదు. బావగారు నెలకోసారి తమ మేడమీద హాల్లో పాత మిత్రులనీ, సంగీతం నేర్చుకునే కొందరు కుర్రాళ్ళనీ పిలిచి ఒక ఆల్బం వినిపించి కబుర్లు చెప్పుకునే ఏర్పాటు చేశారు. వచ్చే నెల వంతు ఈ ఆల్బంది. వక్త మన లెక్చరర్ గారు. విషయం: 1972లో వచ్చిన వాళ్ళ ‘మెషీన్ హెడ్’కి ఇది ఏ రకంగానూ తీసిపోదని ‘లెక్కల మాస్టారు నిరూపిస్తారు’. కార్డులు కూడా అచ్చయిపోయాయి. నలభై నిమిషాలు మాట్లాడాలి.

ఇటు అప్ప ఫోన్ చేసి, “స్టెంట్ వేశాక ఆయనకున్న హుషారల్లా అదొక్కటేరా. నువ్వేదో ఒకటి అనేసి చెడగొట్టకు” అని ముందే బంధం వేసింది. ఇంట్లో ఇంజినీరింగ్ చదువుతున్న కూతురు, తనూ గిటార్ నేర్చుకుంటోంది, “అయితే మావయ్యకి అబద్ధం చెప్పావా నాన్నా?” అని ఊరుకుంది. ఊరుకోవడమే ఈయనకి ఎక్కువ గుచ్చుకుంది.

ఉత్తరంలో ఇంకో రెండు ముక్కలున్నాయి, ఆయన దారిన పోతూ రాసేశారు గానీ నాకు ముఖ్యం అనిపించినవి. ఒకటి: 1990లో ఈ బ్యాండే గాయకుణ్ణి మార్చి ఒక ఆల్బం తెస్తే, ఆ క్యాసెట్ విన్న బావగారు రెండో వైపు పెట్టకుండానే తీసేసి, “పేరొక్కటే మిగిలిందిరా వీళ్ళకి” అన్నారట. రెండోది: “ఏళ్ళ తరబడి అవే పాఠాలు చెబుతున్నాను. ఈమధ్య నాకు ఏదీ గొప్పగా అనిపించడం లేదు. లోపం ఆల్బంలో ఉందో నాలో ఉందో కూడా తెలీడం లేదు.”

నిజం చెబితే కృతఘ్నుణ్ణి అవుతానా, చెప్పకపోతే ఏమవుతుంది అని ఆయన ప్రశ్న.

*

మాస్టారూ,

మీరు ఆల్బం గురించి రెండు వాక్యాలు రాసి మిగతా పేజీలన్నీ మిమ్మల్ని మీరు తిట్టుకోవడానికి వాడుకున్నారు. కాబట్టి ముందు ఆ ఆల్బం సంగతి చూద్దాం.

నేనూ విన్నాను. మీ ఉత్తరం చూశాక మళ్ళీ విన్నాను. మీ చెవులకేమీ కాలేదు. గాయకుడు ఇయన్ గిలన్, బేస్ వాయించే రోజర్ గ్లోవర్ ఇద్దరూ 1945లో పుట్టినవాళ్ళు. అంటే ఇది వచ్చేనాటికి ఇద్దరికీ 78. డ్రమ్స్ ఇయన్ పేస్, కీబోర్డు డాన్ ఐరీ వాళ్ళకంటే మూడేళ్ళు చిన్న. ఈ వయసువాళ్ళు పదమూడు పాటలు ఎక్కడా జావకారకుండా వాయించారు. పేస్ చెయ్యి ఇప్పటికీ ఎంత తేలికో! 1968 నుంచి బ్యాండులో ఎందరు వచ్చిపోయినా కదలకుండా ఉన్నది ఆయనొక్కడే. ఆర్గనూ గిటారూ ఒకదాని మాట ఒకటి అందుకునే చోట్లు కొన్ని నిజంగా బాగున్నాయి. గిలన్ పైస్థాయికి ఎగబాకే ప్రయత్నమే చెయ్యలేదు. మధ్యస్థాయిలో, కొంచెం వెటకారంగా, కబుర్లు చెప్పినట్టు పాడేశాడు. ఆఖరి పాట మిగతావాటికంటే మెలికలు తిరిగిన పాట, అక్కడ మాత్రం నేను చేస్తున్న పని ఆపి విన్నాను.

లేనిదేమిటంటే, ప్రమాదం. ఇప్పుడేమైపోతుందో అన్న భయం వినేవాడికి ఎక్కడా కలగదు. 1970లో వాళ్ళు ‘ఇన్ రాక్’ చేసినప్పుడు అప్పటిదాకా దొరికిన కాస్త పేరునీ పణంగా పెట్టారు. అంతకు ముందు ఏడాదే లండన్‌లో సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించి పెద్దమనుషుల బ్యాండు అనిపించుకుని, వెంటనే దాన్ని కాలదన్ని చెవులు చిల్లులు పడే ఆల్బం చేశారు. అందులో ఒక పది నిమిషాల పాటలో గిలన్ పెట్టిన కేకలు 2000ల మొదట్లోనే ఆయన కచేరీల్లోంచి తప్పుకున్నాయి. గొంతు ఇక సహకరించదని తెలిసి మానుకున్నాడు. అది మర్యాద.

మీ బావగారి ‘మెషీన్ హెడ్’ సంగతి మీకు తెలిసిందే, కానీ ఆ రోజు హాల్లో కూర్చునే కుర్రాళ్ళకి తెలియకపోవచ్చు. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంత్రో ఊళ్ళో, సరస్సు ఒడ్డున ఉన్న కసీనోలో రికార్డు చేద్దామని వెళ్ళారు. వాళ్ళు మొదలుపెట్టకముందే, 4వ తేదీన ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా జనంలో ఎవడో నిప్పు రవ్వల తుపాకీ పేల్చాడు, కసీనో మొత్తం తగలబడిపోయింది. ఇంకో థియేటరులో దిగితే, చుట్టుపక్కలవాళ్ళు నిద్ర పట్టడం లేదని గొడవ చేశారు, పోలీసులొచ్చారు. చివరికి చలికాలం మూసేసిన ఒక హోటలు నడవాల్లో, బయట రోలింగ్ స్టోన్స్ వాళ్ళ రికార్డింగు లారీ నిలబెట్టుకుని, పరుపులు అడ్డం పెట్టి ముగించారు. ఆ మంటల మీద కట్టిన పాటే వాళ్ళకి శాశ్వతమైంది. అందులోని నాలుగు స్వరాల గిటార్ ముక్క వాయించకుండా ఇప్పటికీ ఎవడూ గిటార్ షాపులోంచి బయటికి రాడు. మీ అమ్మాయినడగండి.

ఇప్పుడు వాళ్ళని ఎవడు తరిమేస్తాడు? 2013 నుంచి వాళ్ళ స్టూడియో ఆల్బంలన్నీ బాబ్ ఎజ్రిన్ అనే ఒకే ప్రొడ్యూసరు చేతిమీదుగా వస్తున్నాయి. ఆయనకి వీళ్ళ బలం తెలుసు, వీళ్ళకి ఆయన పద్ధతి తెలుసు. కొత్తగా వచ్చింది గిటారిస్టు ఒక్కడే. సైమన్ మెక్‌బ్రైడ్, 1979లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. ఈ బ్యాండు మొదటిసారి విడిపోయింది 1976లో. అంటే అతను పుట్టకముందే చరిత్రలో కలిసిపోయిన బ్యాండులో అతను వాయిస్తున్నాడు. అతనికి ముందున్న స్టీవ్ మోర్స్ 1994 నుంచి 2022 దాకా ఉండి, భార్యకి కేన్సర్ వస్తే ఆమెని చూసుకోవడానికి తప్పుకున్నాడు. ఇంత జరిగాక కూడా ఒక ఆల్బం ఇంత పొందికగా వచ్చిందంటే చిన్న విషయం కాదు. పొందికగా వచ్చింది గనకే గుర్తుండటం లేదేమో అని కూడా నాకనిపిస్తుంది.

కాబట్టి మీ తీర్పుతో నాకు పేచీ లేదు. కానీ మీరు తీర్పు ఎలా చెప్పారో దాంతో ఉంది. ఇంటర్ పేపర్లు దిద్దేటప్పుడు మీరు స్టెప్పు స్టెప్పుకీ మార్కులేస్తారు కదా. ఇక్కడ మాత్రం ఆన్సర్ షీటు తెరవకుండా, 1972లో ఫస్టొచ్చినవాడి పేపరు పక్కన పెట్టుకుని, ‘వాడంత కాదు’ అని మూసేశారు. ఒక్కసారి విన్నారు, అదీ బావగారు మీ మొహంలోకి చూస్తుండగా. అలా ఎవరు మాత్రం పాట వింటారు? ఒక్కరే కూర్చుని, ఫోను పక్కన పడేసి, మొదట్నుంచి చివరిదాకా రెండుసార్లు వినండి. పాటకొక లైను రాసుకోండి: ఎక్కడ తల ఎత్తారు, ఎక్కడ ధ్యాస పోయింది. అప్పుడు కూడా ‘ఫర్వాలేదు’ అనే అనిపించొచ్చు. కానీ అది విని చెప్పిన మాటవుతుంది.

ఇక బావగారు.

1990 నాటి ఆల్బం గురించి మీరు రాసిన ముక్క నేను మళ్ళీ మళ్ళీ చదివాను. ‘స్లేవ్స్ అండ్ మాస్టర్స్’ అయి ఉంటుంది. గిలన్ బదులు జో లిన్ టర్నర్ పాడింది. రెండో వైపు కూడా పెట్టకుండా తీసేసిన మనిషి ఆయన! అభిమానం ఉన్నా చెవి తాకట్టు పెట్టని మనిషి. మీకు వినడం నేర్పింది ఆయనే అని మీరే రాశారు. మరి ఆ మనిషికి ఈ ఆల్బం ఏ తూకంలో ఉందో తెలియదనుకుంటున్నారా? తెలియకపోతే మీ మొహంలో ఏం వెతికారు? ‘మెషీన్ హెడ్’ గొప్పదని నిరూపించడానికి ఆయన ఎప్పుడైనా కార్డులు అచ్చువేయించారా? అనుమానం ఉన్నచోటే సాక్షి కావలసి వస్తాడు. నా లెక్క ప్రకారం ఆయనకీ లోపల ఎక్కడో ‘ఫర్వాలేదు’ అనే ఉంది. ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. నేను పొరపడుతున్నానేమో, ఆయన నిజంగానే మైమరచి వింటున్నారేమో, అలా అయితే మరీ మంచిది. కానీ మీరు ఊహించుకుంటున్నంత గాజుబొమ్మ మాత్రం కాదాయన.

మనసు ఎందుకు రావడం లేదో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఆయన తరం విన్నవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఈ బ్యాండుకే ఆర్గన్ వాయించిన జాన్ లార్డ్ 2012లో పోయాడు. బ్లాక్ సబ్బాత్ గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ 2025 జులై 5న సొంతూరు బర్మింగ్‌హామ్‌లో సింహాసనంలో కూర్చునే ఆఖరి కచేరీ పాడి, అదే నెల 22న కన్నుమూశాడు. రిటైరైన రెండేళ్ళలోపే స్టెంట్ పడిన మనిషికి, 78 ఏళ్ళవాళ్ళు కొత్త పాటలు కట్టడమన్నది ఉత్త పాటల విషయంగా ఉండదు. ‘ఏటి?’ అని ఆయన అడిగింది వాళ్ళ గురించేనా అన్నది మీరే ఆలోచించండి. బాగుంది అనడంలో అబద్ధం లేని చోటు ఒకటి అక్కడుంది.

ఫీజుల సంగతి. మిమ్మల్ని ఎక్కువ కుంగదీస్తున్నది ఇదే, అందుకే కొంచెం గట్టిగా చెబుతాను. బావగారు మీ ఎమ్మెస్సీకి డబ్బు కట్టారు, మీ చెవులు కొనుక్కోలేదు. ఆయన ఒక్కసారీ ఎత్తని బాకీని మీరే తవ్వి తీసి, వడ్డీ కట్టి, పాటల తీర్పుతో తీర్చబోతున్నారు. ఆయనకి తెలిస్తే ఆల్బం బాగోలేదన్నందుకు కాదు, దీనికి బాధపడతారు. కృతజ్ఞత చూపించడానికి మనకి బోలెడు దార్లున్నాయి. హాస్పిటల్ చెకప్‌కి వెంట వెళ్ళడం, కొడుకు దగ్గరలేనప్పుడు పిలిస్తే పలకడం. అవి మీరు చేస్తున్నారనే ఉత్తరం బట్టి నాకర్థమైంది.

అప్పగారి ఫోను గురించి కూడా ఒక మాట. స్టెంట్ వేయించుకున్నవాళ్ళు సాధారణంగా మామూలు జీవితంలోకే వస్తారు. ఒక ఆల్బం మీద అభిప్రాయభేదం విన్నందుకు ఏమీ కాదు. అప్ప భయం అప్పది, కాదనను. కానీ ఆ భయం బావగారి ఆరోగ్యం గురించా, ఆయన మళ్ళీ ముభావంగా కూర్చుంటారనా? రెండూ వేర్వేరు. డాక్టరు ఏం జాగ్రత్తలు చెప్పారో అప్పనడిగి కనుక్కోండి, మీకూ ధైర్యంగా ఉంటుంది. మీ అంతట మీరు ఆయన్ని రోగిని చేసి, రోగితో మాట్లాడినట్టు మాట్లాడకండి. రైల్వేలో అన్నేళ్ళు పనిచేసి వచ్చిన మనిషికి అంతకంటే అవమానం లేదు.

సరే, ఏం చెయ్యొచ్చు?

ఒకటి, కార్డులో అచ్చయినట్టే లేచి నిలబడి పొగిడేయడం. ఇది మహాపాపమని నేను అనను. నలభై నిమిషాలు, ముప్పై మంది జనం, ఆ మధ్యాహ్నం బావగారి మొహం వెలిగిపోతుంది. మొహమాటానికి మనం ఇంతకంటే పెద్ద అబద్ధాలు పెళ్ళిళ్ళలో చెబుతూనే ఉంటాం. కానీ రెండు ఇబ్బందులున్నాయి. ముందు వరసలో మీ అమ్మాయి ఉంటుంది. ఇంకోటి, అది విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు నేర్పిన ఊరు, ఘంటసాల చదువుకున్న ఊరు. అక్కడ సంగీతం నేర్చుకునే కుర్రాళ్ళకి డీప్ పర్పుల్ తెలియకపోవచ్చు గానీ, మనస్ఫూర్తిగా అనని ‘భేష్’ ఏదో ఇట్టే పట్టేస్తారు. రెండు పాటలు వరసగా వినిపించారంటే, 1972దీ 2024దీ, మీ నిరూపణ అక్కడికక్కడే తేలిపోతుంది. అప్పుడు చిన్నబోయేది మీరొక్కరే కాదు, పిలిచిన బావగారు కూడా. పైగా తర్వాత ఆల్బంకి మళ్ళీ మీరే వక్త.

రెండోది, ముందే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేయడం. ఎదురుగా, మీరిద్దరే ఉన్నప్పుడు. ఫోనులో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. ‘బావా, ఆ రోజు అదిరిపోయిందన్నాను. నిజానికి నాకు కొన్ని పాటలే పట్టాయి. నీ మొహం చూసి మాట మింగేశాను’ అంటే చాలు. ‘ఇన్నాళ్ళూ దాచాను, క్షమించు’ లాంటి డైలాగులొద్దు, చిన్న విషయాన్ని మీరే కేసు చేస్తారు. ఏమవుతుంది? ఆయన చిన్నబుచ్చుకోవచ్చు. రెండు మూడు ఆదివారాలు కబురు రాకపోవచ్చు. ‘అయితే ఆ కార్డులేం చెయ్యమంటావ్?’ అని చిరాకు పడొచ్చు. అప్ప మీమీద కేకలేస్తుంది, అది ఖాయం. లేదా, ‘నాకూ మొదటి మూడు పాటల తర్వాత అలాగే అనిపించిందిరా’ అనొచ్చు. 1990 నాటి మనిషైతే ఈ మాటే అంటాడని నా నమ్మకం. నమ్మకమే, గ్యారంటీ కాదు.

మూడోది, వక్తగా ఉంటూనే విషయం మార్చడం. తీసిపోదా తీసిపోతుందా అని తూకం వేయకుండా, యాభై రెండేళ్ళలో ఏం మారింది అని చెప్పడం. 1972 ఆల్బంలో వాయించిన ఐదుగురిలో ముగ్గురు దీంట్లోనూ ఉన్నారు: గిలన్, గ్లోవర్, పేస్. అదే మనిషి డ్రమ్స్ అప్పుడు, ఇప్పుడు. అదే గొంతు అప్పుడు, ఇప్పుడు. వినిపించి, ఏది పోయింది, దాని బదులు ఏది వచ్చింది అని చూపించారంటే నలభై నిమిషాలు చాలవు. మీ నాన్నగారు పెద్ద విద్వాంసుల కచేరీలకి తీసుకెళ్ళినప్పుడు ఇలాగే వినడం నేర్పించి ఉంటారు. డెబ్భై దాటిన విద్వాంసుడు తారస్థాయి అందుకోలేదని లేచొచ్చేసే ఊరు కాదు మనది. రాగాన్ని ఎక్కడ ఎంత చెయ్యాలో తెలిసిన పెద్దతనం కోసం కూర్చునేవాళ్ళు. గిలన్‌ని ఆ చెవితో వినొచ్చని నేను మీ ఉత్తరం చదివాకే అనుకున్నాను, విన్నాను, కొంత ఉపయోగపడింది.

దీంట్లోనూ చిక్కుంది. బావగారికి చెప్పకుండా విషయం మారిస్తే, పాము చావకుండా కర్ర విరగకుండా తప్పించుకున్నారని ఆయనకి తెలిసిపోతుంది. అది పొగడ్త కంటే చేదు. చివర్లో ఎవరో ఒకరు లేచి ‘మాస్టారూ, ఇంతకీ బాగుందంటారా లేదంటారా?’ అని అడుగుతారు కూడా. అప్పుడు నీళ్ళు నమలకూడదు. ‘పనితనంలో వంక లేదు. నాకు నాలుగు పాటలు నచ్చాయి. మెషీన్ హెడ్‌కి సరిపోదు’ అని మూడు ముక్కలు సిద్ధంగా ఉంచుకోండి.

నాలుగోది, తప్పుకోవడం. ‘కాలేజీలో పరీక్షలు’ అని సాకు చెబితే అది ఇంకో అబద్ధం, లెక్చరర్లందరి జేబులోనూ ఉండే అబద్ధం. కానీ ‘బావా, దీన్ని ప్రేమించింది నువ్వు, నువ్వే మాట్లాడు, రికార్డు మార్చడానికి నేనుంటాను’ అన్నారనుకోండి, అది వేరే. తనకి ఇది ఎందుకంత నచ్చిందో ఆయన నోటితో ఆయనే చెప్పవలసి వస్తుంది. ఏం చెబుతారో వినాలని నాకే ఉంది. ఆయనకి నలుగురిలో మాట్లాడే అలవాటు లేకపోతే మాత్రం ఇరకాటంలో పెట్టినవాళ్ళవుతారు. అందుకేనేమో మిమ్మల్ని ముందుకి తోశారు. అది మీకే తెలియాలి.

నా మొగ్గు రెండు, మూడు కలిపి చెయ్యడం మీద ఉందని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. అయినా ఆ ఇంట్లో రేపు భోజనానికి కూర్చోవలసింది మీరు, నేను కాదు. మొదటిదే చేస్తానంటే మిమ్మల్ని తక్కువగా చూడను. అప్పుడు అమ్మాయికి మాత్రం ముందే చెప్పండి, ‘మావయ్య కోసం ఇలా మాట్లాడబోతున్నాను, ఎందుకంటే ఇది’ అని. పిల్లలు పెద్దల మొహమాటాన్ని అర్థం చేసుకోగలరు. చెప్పకుండా చేసేదాన్ని అర్థం చేసుకోరు. ఆమె ఆ రోజు ఇంకేమీ అనకపోవడం మీకు గుచ్చుకుందంటే, జవాబు ఇవ్వాలని మీకూ ఉందన్నమాట.

ఈమధ్య ఏదీ గొప్పగా అనిపించడం లేదని చివర్లో రాశారు. దానిమీద నేను కథ అల్లను. యాభై దాటాక చాలామందికి చెవి తొందరపడి మెచ్చుకోదు, అది రోగం కాదు. పద్నాలుగేళ్ళప్పుడు తువ్వాలు కుక్కి విన్న పాటతో ఏ పాటా పోటీ పడలేదు, తప్పు పాటదీ కాదు, మీదీ కాదు. అయితే పాటలే కాదు, తిండీ నిద్రా మనుషులూ కూడా చప్పగా ఉండి, అది వారాల తరబడి అలాగే సాగుతుంటే మాత్రం, అది ఆల్బంకి సంబంధించిన విషయం కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళి మాట్లాడండి. దానికి సిగ్గుపడక్కర్లేదు. అలాంటిదేమీ లేకపోతే, మీ అమ్మాయి ఏ బ్యాండు వింటోందో అడిగి, ఆమె గదిలో కూర్చుని ఒక ఆల్బం వినండి. మీకు నచ్చకపోయినా ఆమె మొహం చూసి ‘అదిరిపోయింది’ అనొద్దు.

ఒక చిన్న జాగ్రత్త. బావగారితో మాట్లాడాలని నిశ్చయించుకుంటే, ఆదివారం వెళ్ళగానే, ఆయన రికార్డు బయటికి తీసేముందే నోరు విప్పండి. ముల్లు దిగాక, ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాక, మీరు మళ్ళీ అదే మాట అంటారు.